‘మంచినీళ్ళు’, ‘ఫ్లోరైడ్ భూతం’: నల్లగొండ ఫ్లోరోసిస్ వాఙ్మయం - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ప్రజారోగ్యం మెరుగుపడాలంటే వ్యక్తి అలవాట్లను మార్చాలా, వ్యక్తి చుట్టూ ఉన్న పరిసరాలనూ వ్యవస్థలనూ మార్చాలా అన్నది ప్రపంచవ్యాప్తంగా సాగుతున్న చర్చ. ఈ చర్చకు తెలుగు నేల మీద దొరికే బలమైన ఉదాహరణ ఫ్లోరోసిస్. 1937 నాటి నెల్లూరు జిల్లా వైద్య నివేదిక, 1975 నాటి ‘నల్లగొండ టెక్నిక్’, 1996 నాటి నల్లగొండ లోక్‌సభ బ్యాలెట్ పత్రం, 2020 నాటి ‘సున్నా’ ప్రకటన అనే నాలుగింటిని ఈ వ్యాసం పాఠాలుగా స్వీకరించి పరిశీలిస్తుంది. తెలుగు పత్రికాభాషలో స్థిరపడిన ‘ఫ్లోరైడ్ భూతం’ వంటి రూపకాలను కూడా వాటితో కలిపి చదువుతుంది. కారణాన్ని నీటి పంపకంలో చూపవలసిన చోట భాష దాన్ని అమానుష శక్తిలోనో, బాధితుని దేహంలోనో చూపిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫ్లోరోసిస్, ప్రజారోగ్యం, నల్లగొండ, పర్యావరణం, రూపకం, వ్యవస్థాగత దృక్పథం, తాగునీరు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో తాగే నీటికి ‘మంచినీళ్ళు’ అని పేరు. ఇంటికి వచ్చినవారికి ముందుగా ఇచ్చేవి అవే. ఈ సమాసంలో ‘మంచి’ అనే విశేషణం నీటి గుణాన్ని చెబుతుంది కాని, ఆ గుణాన్ని నిర్ణయించేది నాలుక. ఊళ్ళో ఒకటి ఉప్పునీళ్ళ బావి, మరొకటి మంచినీళ్ళ బావి. ఉప్పన, చప్పన, సవుడు, మురుగు, కంపు అంటూ నీటి మంచిచెడ్డలు చెప్పడానికి వాడుకలో ఉన్న మాటలలో ఎక్కువభాగం రుచికో, వాసనకో, రంగుకో సంబంధించినవే. ఫ్లోరైడ్‌కు ఈ పదజాలంలో చోటు లేదు. లీటరు నీటిలో నాలుగైదు మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా నీరు తేటగానే ఉంటుంది. వాసన రాదు. రుచిలో తేడా తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారతీయ ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే వనరు దొరకని చోట మాత్రమే 1.5 దాకా అనుమతి. అంటే, తరతరాలుగా ‘మంచినీళ్ళ బావి’ అని పిలిచిన బావే ఎముకలను వంచగలదు.

ఫ్లోరోసిస్‌ను వ్యక్తిగత జాగ్రత్తకు సంబంధించిన విషయంగా చూడటం సాధ్యం కాదనడానికి ఈ ఒక్క మాటే తొలి ఆధారం. నీళ్ళు కాచి తాగమని చెప్పవచ్చు, వడగట్టుకోమని చెప్పవచ్చు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. సరికదా, నీరు ఆవిరయ్యేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. గుడ్డతో వడగడితే నలక ఆగుతుంది, కరిగి ఉన్న లవణం ఆగదు. ఇల్లాలి అనుభవం, వైద్యుని హితవు, బడిలో నేర్పిన పరిశుభ్రతా సూత్రాలు ఇక్కడ పనికిరావు. ప్రమాదాన్ని కనిపెట్టడానికి ప్రయోగశాల కావాలి, తప్పించడానికి మరో చోటినుంచి నీరు రావాలి. రెండూ ఇంటి చేతిలో లేనివి.

ఆరోగ్యాన్ని నిర్ణయించేవి ఆసుపత్రి వెలుపలే ఎక్కువగా ఉన్నాయని 1986 నాటి ఒటావా ప్రకటనపత్రం మొదలు, ఆరోగ్య సామాజిక నిర్ణాయకాలపై ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2008లో సమర్పించిన నివేదిక దాకా పదేపదే చెప్పాయి. ఆ పత్రాలలోని సూత్రాలను తెలుగులోకి తెచ్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వాటి అవసరం లేకుండానే అదే విషయాన్ని ఎనిమిది దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన ఒక ప్రాంతాన్ని, ఆ ప్రాంతం గురించి పుట్టిన రాతలను చదవడమే ఇక్కడి ప్రయత్నం.

2. ఎద్దులు చెప్పిన వార్త

1930ల ఆరంభంలో ఆంధ్ర ప్రాంతపు రైతులు తమ ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని ఫ్లోరోసిస్ పరిశోధనలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. మనుషులలో అదే జబ్బును గుర్తించిన వైద్య నివేదిక 1937లో వెలువడింది. షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో ప్రచురించిన ఆ చిన్న వ్యాసం నెల్లూరు జిల్లాకు సంబంధించినది. అప్పటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు తర్వాత ప్రకాశం జిల్లాలో చేరాయి. భారతదేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర అనగానే నల్లగొండ గుర్తుకు రావడం సహజమే కాని, ఆ చరిత్రలో మొదటి పుట కోస్తా జిల్లాది.

ఆ వ్యాసం శీర్షిక నిర్మాణం గమనించదగినది. అందులో ఒక జబ్బు పేరు, ఒక జిల్లా పేరు ఉన్నాయి. రెంటినీ కలిపేది ‘ఒకచోట పాతుకుపోయిన’ అన్న అర్థమిచ్చే విశేషణం. కర్త లేదు, క్రియ లేదు. ఆ ప్రాంతానికి ఆ జబ్బు ఉంది, అంతే. వైద్యశాస్త్ర రచనకు ఇది మర్యాదే. అయితే వాతావరణం లాగా, నేల రంగు లాగా జబ్బును కూడా ప్రాంతపు స్వభావంగా చదివే అలవాటుకు ఇటువంటి శీర్షికలు దారితీస్తాయి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ‘లాన్సెట్’లో నల్లగొండ ప్రాంతపు యువకుల గురించి రాశారు. మోకాళ్ళు లోపలికి ఒరుసుకుని, పాదాలు ఎడంగా తెరుచుకునే వైకల్యాన్ని వారు నమోదు చేశారు. ఆ శీర్షికలోనూ ఉన్నవి మోకాలు, ఎముక, ప్రాంతం.

1975లో అనిల్ అగర్వాల్ ‘న్యూ సైంటిస్ట్’ పత్రికలో రాసిన వ్యాసం ఈ వరుసను తప్పించింది. ఒక పెద్ద ఆనకట్ట మనుషులను అవిటివారిని చేస్తున్న మూల్యం గురించి ఆ శీర్షిక మాట్లాడింది. మొదటిసారి ఒక కర్త కనబడ్డాడు. నాగార్జునసాగర్ వల్ల భూగర్భజల మట్టం పెరిగి, నేలలో క్షారగుణం పెరిగి, జొన్నలో మాలిబ్డినం చేరి, దేహంలోని రాగి తగ్గి, ఫ్లోరైడ్ ప్రభావం తీవ్రమవుతోందన్నది అప్పటి పరిశోధకుల ఊహ. ఊహగానే దాన్ని తీసుకోవాలి. అందులోని ప్రతి మెట్టూ నిలుస్తుందా లేదా అన్నది పోషకాహార శాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. సాహిత్య విద్యార్థికి ముఖ్యమైనది వేరే ఉంది. జబ్బు గురించిన వాక్యంలోకి మానవ నిర్ణయం ప్రవేశించగానే వాక్యం స్వరూపమే మారిపోయింది. అదే జిల్లాలో 1955లో పునాదిరాయి పడిన ఆనకట్ట నుంచి ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారింది. దేవరకొండ, మునుగోడు మెట్ట ప్రాంతాలు ఆ కాలువకు ఎగువన మిగిలిపోయాయి. నది అంచున ఉన్న జిల్లాలో నీరు ఎటు వెళ్ళాలో నిర్ణయించింది నేల ఎత్తు ఒక్కటే కాదు.

3. లోతు మారిన నీరు

ఫ్లోరైడ్ రాతిలో ఉంటుంది. తెలంగాణ పీఠభూమి గ్రానైట్, నీస్ శిలలలోని కొన్ని ఖనిజాలు నీటిలో నెమ్మదిగా కరుగుతాయి. నీటిలో సున్నపు అంశం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉంటే ఆ కరగడం పెరుగుతుంది. నీరు ఎంతకాలం రాతిని అంటిపెట్టుకుని ఉంటే అంత ఫ్లోరైడ్ తెచ్చుకుంటుంది. ఈ కారణంగా వాననీరు, చెరువునీరు, నదినీరు సాధారణంగా సురక్షితం. రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచిన నీరు ప్రమాదకరం.

ఇంతవరకు ఇది ప్రకృతి. తర్వాతి కథ మనుషులది, అందులో మంచి ఉద్దేశం ఉండటం దాన్ని క్లిష్టం చేస్తుంది. చెరువునీరు, దిగుడుబావుల నీరు తాగిన గ్రామాలలో కలరా, అతిసారం, నారికురుపు ఉండేవి. కాలి చర్మాన్ని చీల్చుకుని దారంలా బయటికి వచ్చే నారికురుపు పురుగును చూసినవారికి దిగుడుబావి మీద ఎంతటి భయం ఉండేదో వేరే చెప్పనక్కరలేదు. మూతలేని నీటి నుంచి జనాన్ని బోరుబావి దగ్గరికి మళ్ళించడం ఆనాటి ప్రజారోగ్య విధానం. 1981-1990 అంతర్జాతీయ తాగునీటి దశాబ్దంలో ఇండియా మార్క్ 2 చేతిపంపు పల్లెపల్లెకూ చేరింది. నారికురుపు చివరి కేసు భారతదేశంలో 1996లో నమోదైంది, 2000లో దేశం ఆ జబ్బు నుంచి విముక్తి పొందినట్టు ధ్రువీకరణ వచ్చింది. పరిసరాలను మార్చి జబ్బును పోగొట్టడానికి ఇది నిజమైన విజయం, దీన్ని తక్కువ చేయడానికి వీల్లేదు.

అయితే అదే బోరు రాతిలోకి దిగింది. 1937లో ఫ్లోరోసిస్ కనబడింది చేదబావుల కాలంలోనే కాబట్టి జబ్బుకు పుట్టుక బోరుబావి కాదు. కాని సాగు కోసం బోర్లు పెరిగి, చెరువులు పూడి, నీటి మట్టం దిగజారిన కొద్దీ తాగేనీరు మరింత లోతు నుంచి రావడం జబ్బు పరిధిని విస్తరింపజేసింది. క్రిముల నుంచి కాపాడడానికి వేసిన గొట్టం లవణాన్ని పైకి తెచ్చింది. బంగ్లాదేశ్‌లో ఇదే దశాబ్దాలలో గొట్టపుబావుల నుంచి ఆర్సెనిక్ బయటపడింది, అక్కడ చేతిపంపులకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు పూసి ఏది తాగవచ్చో చెప్పవలసి వచ్చింది. వ్యవస్థాగత పరిష్కారాలను వ్యక్తిగత హితబోధకు ప్రత్యామ్నాయంగా ప్రశంసించే రచనలలో ఈ పార్శ్వం తరచూ జారిపోతుంది. వ్యవస్థను మార్చడమంటే ఒక్కసారిగా లక్షలమంది దేహాల మీద నిర్ణయం తీసుకోవడం. ఒప్పయితే లక్షలమందికీ ఒప్పు, తప్పయితే లక్షలమందికీ తప్పు.

4. ఎవరికి, ఎందుకు?

బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1985లో ప్రచురించిన ఒక వ్యాసం ఈ రంగంలో ప్రామాణికంగా నిలిచింది. ఈ మనిషికి ఈ జబ్బు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న, ఈ జనాభాలో ఈ జబ్బు ఇంతగా ఎందుకు ఉందన్న ప్రశ్న ఒకటి కావని ఆయన వాదించాడు. ఒక కారణం అందరినీ సమానంగా తాకుతున్నప్పుడు అది కంటికి కనిపించదు, వ్యక్తుల మధ్య తేడాలే కనిపిస్తాయి. ఊరంతా సిగరెట్ తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వంశపారంపర్య వ్యాధిలా తోస్తుందన్నది ఆయన తర్కం.

ఈ తర్కం ఫ్లోరైడ్ గ్రామానికి అతికినట్టు సరిపోతుంది. ఊరంతటికీ ఒకే బోరు. అయినా ఒకరికి నడుము వంగుతుంది, పక్కింటివారికి పళ్ళకు గార మాత్రమే పడుతుంది. తేడా ఎక్కడిది? 1940లోనే పండిట్ బృందం ఆహార లోపాలకు, జబ్బు తీవ్రతకు ఉన్న సంబంధాన్ని చర్చించింది. 2002లో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు చింతపండు తీసుకున్న పిల్లలలో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని చూపారు. పాలు, పెరుగు, ఆకుకూరలు తినమని, చింతపండు వాడమని చెప్పే ఆరోగ్య ప్రచారాలకు ఆధారం ఇటువంటి పరిశోధనలే. ఇవి అబద్ధాలు కావు. చింతపులుసు లేని వంట తెలుగువారికి కొత్త కాబట్టి ఈ సలహా వినడానికి ఇంపుగా కూడా ఉంటుంది. కాని ఇవి రోజ్ చెప్పిన మొదటి ప్రశ్నకు జవాబులు. రోజూ కూలికి వెళ్ళి ఎండలో లీటర్లకొద్దీ అదే నీరు తాగే మనిషికి పాలు తాగమని చెప్పే కరపత్రం, ఆ నీరు ఎందుకు మారలేదన్న రెండో ప్రశ్నను పక్కన పెడుతుంది. పోషకాహారం అందని పేదరికం కూడా వ్యవస్థలో భాగమే. కరపత్రంలో మాత్రం అది అలవాటుగా మారుతుంది.

ప్రజారోగ్య చరిత్రలు దాదాపు అన్నీ 1854 లండన్‌లోని బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు కథతో మొదలవుతాయి. కలరాకు ఆ పంపు నీరే కారణమని జాన్ స్నో వాదించడం, పంపు పిడిని తీసివేయడం పాఠ్యపుస్తకాలలో కెక్కాయి. ఆ కథలో ఎవరూ పట్టించుకోని చిన్న వివరం ఉంది. చుట్టుపక్కల వీధుల్లో నడిచి వెళ్ళగలిగినంత దూరంలో వేరే పంపులు ఉన్నాయి. ఏ ఇంటికి ఏ పంపు దగ్గరో పోల్చి చూడటంలోనే స్నో వాదనకు బలం. మర్రిగూడలోనో, నాంపల్లిలోనో పంపు పిడి తీసివేస్తే జనం ఎక్కడికి వెళ్ళాలి? మెట్ట ప్రాంతంలో పక్క బోరు కూడా అదే రాతిలోకి దిగినది. పిడి తీయడం సులభం. నదిని ఊరికి తేవడం ఆ కథలో లేని పని.

5. భూతం, రక్కసి, మహమ్మారి

తెలుగు పత్రికలలో ఫ్లోరైడ్ ఒంటరిగా కనిపించడం అరుదు. ‘ఫ్లోరైడ్ భూతం’, ‘ఫ్లోరైడ్ రక్కసి’, ‘ఫ్లోరైడ్ మహమ్మారి’ అన్నవి పదబంధాలుగా గడ్డకట్టిపోయాయి. ఉపన్యాసాలలో, పాటలలో, చివరికి సిద్ధాంతగ్రంథాలలో కూడా ఇవి కనబడతాయి. వీటి వెనుక సానుభూతి ఉంది, ఆగ్రహమూ ఉంది. కనుక వీటిని ఎత్తిచూపడం భాషా పాండిత్య ప్రదర్శన కోసం కాదు. రూపకం కారణాన్ని ఎక్కడ ఉంచుతుందో చూడటం కోసం.

భూతం బయటినుంచి వచ్చి పడుతుంది. పట్టినది వదలాలి, వదిలించేవాడు రావాలి. ఈ కథనంలో ఊరు నిస్సహాయం, పరిష్కారం ఒక మహానుభావుని రాక. రక్కసి అయితే సంహారం కావాలి, సంహరించినవాడు వీరుడు. రాజకీయ భాషకు ఈ రెండూ అమితంగా నచ్చడంలో ఆశ్చర్యం లేదు. మహమ్మారి అన్న మాట మరింత తికమక పెడుతుంది. మశూచి, కలరా వంటివి ఊరి మీద పడి, కొంతమందిని తీసుకుపోయి, వెళ్ళిపోయేవి. మహమ్మారికి రాకపోకలుంటాయి. ఫ్లోరోసిస్ రాలేదు, పోలేదు. రాయి ఎప్పటినుంచో అక్కడే ఉంది. మారినది నీటిని ఎంత లోతునుంచి తోడుతున్నామన్నది, నదినీరు ఎవరికి వెళుతున్నదన్నది. ఈ రెండు మార్పులకూ జీవోలున్నాయి, అంచనాలున్నాయి, కాంట్రాక్టులున్నాయి. భూతానికి ఇవేవీ ఉండవు.

బాధితుని ఛాయాచిత్రం కూడా రూపకంలాగే పనిచేస్తుంది. నడుము వంగి, చేతికర్ర మీద నేలను చూస్తూ నిలబడిన మనిషి బొమ్మ నల్లగొండకు గుర్తుగా మారిపోయింది. ఆ బొమ్మలే లేకపోతే ఈ సమస్య రాజధానుల దాకా వెళ్ళేది కాదనడం న్యాయమే. అయితే ఆ చట్రంలో దేహం ఉంటుంది, బోరు ఉండదు. బోరు ఉన్నా కాలువ ఉండదు. చూసేవారికి జాలి కలుగుతుంది, నీటి పంపకం గుర్తుకు రాదు. ‘ఆ ఊళ్ళకు పిల్లనివ్వరు’ అన్న మాట ఈ ప్రాంతాల మీద వచ్చిన కథనాలలో పదేపదే వినిపిస్తుంది. దేహాన్ని మాత్రమే చూపే భాష ఊరికి ముద్ర వేస్తుంది. ఆ ముద్ర మోసేది ఊరే.

పళ్ళను చూసే పద్ధతి ఇందుకు భిన్నమైన భాషకు దారి చూపగలదు. పంటి పింగాణి పొర ఏర్పడేది పసితనంలో. ఆ వయసులో తాగిన నీటి ఫ్లోరైడే పళ్ళ మీద మచ్చగా నిలుస్తుంది, పెద్దయ్యాక తాగినది పళ్ళ మీద అలా కనబడదు. అంటే గారపళ్ళు ఆ మనిషి అపరిశుభ్రతకు గుర్తు కాదు, ఆ మనిషి తన మొదటి ఏడెనిమిదేళ్ళు ఏ నీటి మీద బతికాడో చెప్పే పత్రం. ‘పళ్ళు తోముకోరా?’ అన్న వెక్కిరింపు ఎంత అన్యాయమో ఈ ఒక్క వాక్యం చెబుతుంది. భూతాన్ని గురించి పుటలు నింపడం కన్నా ఇటువంటి వాక్యాలు తెలుగులో అవసరం.

6. పటిక, సున్నం, ఒక ఊరి పేరు

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1975లో నీటినుంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని వెలువరించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తగిన మోతాదులో కలిపి, కలియబెట్టి, తేర్చి, పైనీటిని వడకట్టి తీసుకోవాలి. దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు. ఆ పేరుతోనే అది టాంజానియా, కెన్యా, ఇథియోపియాల దాకా వెళ్ళింది. ఆఫ్రికా పగులు లోయలోని నీటి ఇంజినీరుకు నల్లగొండ అంటే జిల్లా కాదు, ఒక బకెట్టు.

దీనిలోని ద్రవ్యాలన్నీ పల్లెకు తెలిసినవే. బురదనీటిని తేర్చడానికి చిల్లగింజ అరగదీయడం, పటిక తిప్పడం పాత అలవాట్లు. అందువల్ల ఈ పద్ధతి ఇంటి పనిలో కలిసిపోతుందని అనుకోవడం సహజం. నిజానికి బురద తేరడానికి చిటికెడు పటిక చాలు. ఫ్లోరైడ్ తగ్గడానికి ఎన్నో రెట్లు కావాలి. ఎంత కావాలన్నది ఆ నీటిలోని ఫ్లోరైడ్ మీదా, క్షారగుణం మీదా ఆధారపడుతుంది. ఇవి ఊరూరికీ, బోరుబోరుకూ మారతాయి. మోతాదు తప్పితే ఫ్లోరైడ్ మిగులుతుంది, లేదా నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగున పేరుకున్న మడ్డిని ఎక్కడ పారబోయాలన్నది మరో చిక్కు. రోజూ ఈ పని చేసేది ఎవరన్న ప్రశ్న సాంకేతిక పత్రాలలో కర్మణి ప్రయోగం చాటున దాగుతుంది. ‘కలపబడుతుంది’, ‘కలియబెట్టబడుతుంది’ అన్న వాక్యాలలో కర్త ఉండదు. తెలుగింట ఆ కర్త ఎవరో చెప్పనక్కరలేదు. కూలినుంచి వచ్చి, వంటకు ముందు, గంటసేపు తేరనిచ్చి, రేపు మళ్ళీ, ఎల్లుండి మళ్ళీ.

రసాయనశాస్త్రంగా పద్ధతి సరైనదే. శిక్షణ పొందినవారు, నిధులు, క్రమంతప్పని పరీక్షలు ఉన్న సామూహిక కేంద్రాలలో అది ఫలితమిస్తుంది. దాన్ని ఇంటి బకెట్టులోకి దించడంతో వ్యవస్థ చేయవలసిన పని ఇల్లాలి భుజాల మీదికి జారింది. ఇక పేరు విషయం. ఒక పట్టణం పేరు ఒక పరిష్కారానికి పెట్టడం గౌరవంగా ధ్వనిస్తుంది. ఆ పేరు ప్రపంచమంతా తిరుగుతున్న రెండు దశాబ్దాల పాటు ఆ పట్టణం చుట్టూ ఉన్న పల్లెలు నదినీటి కోసం రోడ్డెక్కుతూనే ఉన్నాయి. పరిష్కారానికి పేరిచ్చిన ఊరు ఆ పరిష్కారాన్ని చాలదన్నది. పరిశోధన వాఙ్మయంలో ఈ వైరుధ్యం మీద దాదాపు మౌనమే.

7. 480 పేర్ల పాఠం

1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నియోజకవర్గం నుంచి 480 మంది పోటీ చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతానికి కృష్ణానీరు కావాలన్న కోరికతో వందల మంది చేత నామినేషన్లు వేయించింది. బ్యాలెట్ పత్రం పత్రంగా మిగలలేదు, పుస్తకమయింది. ఎన్నికల సంఘం ఏర్పాట్లన్నీ తలకిందులయ్యాయి.

ఈ బ్యాలెట్‌ను ఒక రచనగా చదవవచ్చు. అందులో విశేషణాలు లేవు. భూతం లేదు, రక్కసి లేదు, వంగిన దేహపు బొమ్మ లేదు. ఉన్నవి వరుస సంఖ్యలు, పేర్లు, గుర్తులు. ఫ్లోరోసిస్ గురించి తెలుగు నేల మీద వెలువడిన పాఠాలన్నింటిలో అత్యంత నిరలంకారమైనది ఇదే, వ్యవస్థను నేరుగా సంబోధించినదీ ఇదే. విన్నపపత్రం అధికారి దయను కోరుతుంది. ఈ జాబితా దయను కోరలేదు. అచ్చు వేయవలసిన కాగితం, పెట్టవలసిన పెట్టెలు, లెక్కించవలసిన గంటలు పెంచి, నీటి సమస్యను పాలనాయంత్రాంగపు సమస్యగా మార్చింది. గెలిచినది సి.పి.ఐ. అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. గెలుపు ఎవరిదన్నది ఆ పాఠానికి ముఖ్యం కాదు.

వ్యవస్థ ఇచ్చిన జవాబు కూడా చదవదగినదే. అభ్యర్థులు వెల్లువెత్తిన ఇటువంటి పోటీల నేపథ్యంలో అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ జరిగింది. లోక్‌సభ అభ్యర్థి ధరావతు రూ. 500 నుంచి రూ. 10,000కు పెరిగింది. గుర్తింపు లేని అభ్యర్థులకు పదిమంది ప్రతిపాదకులు కావలసివచ్చింది. నీటికి ముందు తలుపుకు మరమ్మతు జరిగింది.

ఆ తర్వాతి ఏళ్ళలో నది కదిలింది, మొదట వేరే వైపు. నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి కోదండాపూర్ శుద్ధి కేంద్రం మీదుగా 2004లో కృష్ణానీరు హైదరాబాదుకు చేరింది. జిల్లాలోని కొన్ని గ్రామాలకూ నదినీరు అందడం మొదలయినా, పెద్ద గొట్టం వెళ్ళింది నగరానికి. నగరానికి నీరు అవసరమే. కాని రోజ్ చెప్పిన రెండో ప్రశ్నకు జవాబు వెతికేవారు రసాయన విశ్లేషణ పట్టికలతో పాటు ఈ గొట్టపు మార్గపు పటాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

8. సున్నా

2015 జూన్‌లో చౌటుప్పల్ దగ్గర తెలంగాణ తాగునీటి పథకం పైలాన్ ఆవిష్కరణ జరిగింది. 2016 ఆగస్టులో గజ్వేల్ ప్రాంతంలో మిషన్ భగీరథ తొలిదశ ప్రారంభమైంది. కృష్ణా, గోదావరి నీటిని శుద్ధిచేసి ఇంటింటికీ గొట్టాల ద్వారా పంపడం దాని రూపం. పథకం పేరు పురాణం నుంచే వచ్చింది. భూతాన్ని వదిలించే వీరుని కథనానికి ఈ పేరు చక్కగా అతుకుతుంది కూడా. పేరును పక్కన పెట్టి పనిని చూస్తే, బకెట్టు చేయలేనిది, కరపత్రం చేయలేనిది గొట్టం చేసింది: నీటి వనరునే మార్చింది. నీరు మారిన చోట పుట్టే పిల్లల పళ్ళు ఆ మార్పును నమోదు చేస్తాయి. ఫ్లోరోసిస్ విషయంలో ఇంతకన్న సరైన వైద్యం లేదు, చేరిన ఫ్లోరైడ్ వంచిన ఎముకను తిరిగి నిటారు చేసే మందు లేదు కనుక.

తెలంగాణలో ఫ్లోరైడ్ ప్రభావిత ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. ఈ ‘సున్నా’ను కూడా పాఠంగానే చదవాలి. సున్నా అయినది ఆవాసాల సంఖ్య. సురక్షితమైన నీటి ఏర్పాటు ఉంటే ఆవాసం జాబితానుంచి తొలగుతుంది. రాతిలో ఫ్లోరైడ్ సున్నా కాలేదు, బోరులో సున్నా కాలేదు. నల్లా రాని రోజున వంటకు, పొలంలో దాహానికి అదే బోరు. రుచి నచ్చక ప్లాంటు నీళ్ళ డబ్బా కొనుక్కునే ఇళ్ళూ ఉన్నాయి. ఇక్కడ నాలుక మళ్ళీ న్యాయనిర్ణేత అవుతుంది. చప్పగా ఉన్న బోరునీరు ‘మంచినీళ్ళు’గా, క్లోరిన్ వాసన వేసే నదినీరు ‘మందునీళ్ళు’గా తోచడం భాష చేసే పనే. పథకాన్ని నడిపే ఇంజినీరు వాల్వులను, మోటార్లను చూసుకున్నంత శ్రద్ధగా ఈ మాటలను కూడా చూసుకోవలసి ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద ఖాళీ మరోచోట ఉంది. 1970లలో మోకాళ్ళు ఒరుసుకుపోయిన పిల్లలకు ఇప్పుడు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. వారి ఊరు నీటి శాఖ లెక్కలో సున్నాలో కలిసింది. వారు మాత్రం సదరం శిబిరం వరుసలో నిలబడి, వైకల్యం ఎంత శాతమో రాయించుకుని, ఆ శాతం మీద పింఛను పొందుతున్నారు. నీటి శాఖ లెక్కకు ప్రమాణం ఆవాసం. సదరం లెక్కకు ప్రమాణం ఒక మనిషి కీలు ఎంత కదులుతుందన్నది. మొదటి పట్టికలో జబ్బు ఉంది, మనిషి లేడు. రెండోదానిలో మనిషి ఉన్నాడు, ఆ మనిషి తాగిన నీటికి గడి లేదు. ఒకే ఊరికి చెందిన ఈ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చదివే పని ఇంకా ఏ శాఖదీ కాలేదు.